కాలివేళ్ళ మీద గెంతడానికి సిగ్గుపడిన కుర్రవాడు

పొందూరు పేరు చెప్పగానే ఎవరికైనా సన్నఖద్దరు గుర్తుకొస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో నూలు వడికే ఊరది. కానీ తెల్లవారుజామున ఆ ఊరి రోడ్డు మీదకు వస్తే కనిపించేది వేరు. ఒక్క పొందూరే కాదు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి పొలిమేరకు వెళ్ళినా, ఇంకా చీకటి ఉండగానే కుర్రవాళ్ళు పరుగెడుతూ ఉంటారు. ఈమధ్య ఆడపిల్లలూ పరుగెడుతున్నారు. కానిస్టేబుల్ సెలక్షన్లకో, ఆర్మీ ర్యాలీకో తయారవుతున్న పిల్లలు వాళ్ళు. 1600 మీటర్లు అనుకున్న సమయంలో దాటితేనే ఉద్యోగం మాట. దాటలేకపోతే ఎంత చదివినా ఇంటికే.

వాళ్ళలో మన సంఘాల పిల్లలు చాలామంది ఉన్నారు. మొదటివారం వాళ్ళు పడే పాట్లు చూసినవాళ్ళకే తెలుస్తాయి. పావు కిలోమీటరుకే రొప్పు వస్తుంది, మర్నాడు మోకాళ్ళు వంగవు. వాటన్నిటికంటే పెద్ద బాధ సిగ్గు. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు తననే చూసి నవ్వుతున్నారేమో అని. ఇంటికొస్తే మరో మాట కాచుకుని ఉంటుంది. ఉదయకాల ప్రార్థన మానేసి శరీరం కోసం పరుగులేమిటని పెద్దలు 1 తిమోతి 4:8 చూపిస్తారు. ఆ వచనంలో పౌలు శరీర సాధకం వల్ల ప్రయోజనం కొద్దిపాటిదన్నాడే గాని బొత్తిగా లేదనలేదు. పైగా పందెపు రంగంలో పరుగెత్తేవాళ్ళను తన పత్రికల్లో అన్నిసార్లు తలచుకున్న మనిషి పరుగును చిన్నచూపు చూశాడని నాకెప్పుడూ అనిపించలేదు.

ఈ పిల్లలకు మనం సండేస్కూల్లో ఒక పరుగువీరుని కథ చెబుతూ ఉంటాం. ఎరిక్ లిడ్డెల్ కథ. ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనన్నారు, దేవుడు ఆయనను ఘనపరిచాడు, ఇంకో పందెంలో బంగారు పతకం వచ్చింది. అక్కడితో కథ ముగిస్తాం, పిల్లలు చప్పట్లు కొడతారు. నిజమే, కానీ సగమే. అసలు ఆయన పరుగులోకి ఎలా వచ్చారో, ఎలా దాన్ని ప్రేమించారో, ఆ ప్రేమ చివరికి ఎక్కడ తేలిందో మనం చెప్పం. అది తెలియకపోతే ఆయన ఆ ఆదివారం వదులుకున్నది ఏమిటో కూడా అర్థం కాదు.

ఎరిక్ హెన్రీ లిడ్డెల్ 1902 జనవరి 16న చైనాలోని టియాన్‌జిన్ పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లాండ్ వారు, లండన్ మిషనెరీ సొసైటీ తరఫున అక్కడ సువార్త పని చేస్తున్నారు. ఈ సొసైటీ మన ఉత్తరాంధ్రకు పరాయిది కాదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగింది దాని తరఫునే. అలా చూస్తే ఎరిక్ మనకు దూరపు చుట్టమే. పసితనంలో ఆయనకు పెద్ద జబ్బు చేసింది. కాళ్ళు బిగుసుకుపోయిన ఆ బిడ్డను చూసి, వీడిక ఎప్పటికీ పరుగెత్తలేడని ఒకామె పెదవి విరిచిందని ఆయన జీవితచరిత్రకారులు రాశారు.

ఆరేళ్ళ వయసులో అన్న రాబ్‌తో పాటు ఆయనను ఇంగ్లండ్‌లో మిషనెరీల పిల్లల బడిలో చేర్చి, తల్లిదండ్రులు చైనాకు తిరిగి వెళ్ళిపోయారు. తరువాతి కాలంలో ఎల్తాం కాలేజీ అని పేరు పడిన బడి అది. ఏళ్ళకేళ్ళు తల్లి ముఖం చూడకుండా హాస్టల్లో పెరగడం ఎలా ఉంటుందో ఆ వయసులోనే ఎరిక్‌కు తెలిసింది. ఆ తెలివిడి ఆయన జీవితపు చివరి రెండేళ్ళలో ఎంతోమంది పిల్లలకు అక్కరకు వచ్చింది. ఆ సంగతికి తరువాత వస్తాను. బడిలో రగ్బీ, క్రికెట్ ఆడారు, పరుగుపందేల్లో కూడా గెలిచారు. కానీ అది పిల్లల ఆటే. ఒక పద్ధతి ప్రకారం పరుగు నేర్చుకోవడం అంటే ఏమిటో అప్పటికి ఆయనకు తెలియదు.

1920లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సు చదవడానికి చేరారు. మరుసటి ఏడాది విద్యార్థుల క్రీడాపోటీలు ఇంకా ఆరు వారాలున్నాయనగా ఒక స్నేహితుడు, పరుగుపందేనికి పేరివ్వమని అడిగాడు. చదువుతో తీరిక లేదని ఎరిక్ తప్పించుకోబోయారు. స్నేహితుడు వదల్లేదు. మొహమాటానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఏం చేశారనుకున్నారు? ఈస్టరు సెలవుల్లో స్నేహితులతో కలిసి సైకిళ్ళ మీద బెన్ నెవిస్ కొండ చూడటానికి పోయారు. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తయిన కొండ అది. రోజుల తరబడి సైకిలు తొక్కి తిరిగొచ్చి, మైదానంలో దిగి చూసుకుంటే కాళ్ళు కట్టెల్లా ఉన్నాయి. పరుగు నేర్చుకునేవాడు చేయకూడని పనే ముందు చేశానని అప్పుడు తెలిసింది. తరువాత రోజుల్లో ఈ సంగతిని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు.

సాధన కోసం పౌడర్‌హాల్ అనే మైదానానికి వెళ్ళారు. అక్కడ కూలికి పరుగెత్తే పందెగాళ్ళు కాలి మునివేళ్ళ మీద కాలిన ఇటుకల మీద నిలబడ్డట్టు గెంతుతున్నారు. పరుగు మొదలుపెట్టడానికి నేలలో గుంటలు తవ్వుతున్నారు. తనూ అలా గెంతాలా? ఎరిక్‌కు తల కొట్టేసినట్టయింది. అందరూ తననే చూస్తారని, వెర్రివాడిలా కనిపిస్తానని వెనుకాడారు. కొన్నాళ్ళకు గాని తెలియలేదు, అక్కడ ఎవరూ తనను చూడటం లేదని. ఎవరి కాళ్ళ గొడవ వాళ్ళది. ఒలింపిక్ బంగారు పతకం గెలవబోయే మనిషి మొదటి రోజు సిగ్గుతో చచ్చిపోయారన్న సంగతి, తెల్లవారుజామున రోడ్డెక్కే మన పిల్లలకు చెప్పి తీరాలి.

ఆయనకు పరుగు నేర్పిన మనిషి టామ్ మెక్కెర్చర్. ఈయన ఎరిక్ కాళ్ళు పట్టి చూసి, కండరాలు మరీ గట్టిగా ఉన్నాయని, మర్దన చేసి మెత్తబరచకపోతే ఏదో ఒక రోజు పుటుక్కున తెగుతాయని హెచ్చరించారు. పరుగు అయ్యాక ఒక్కసారిగా ఆగిపోకూడదని, నెమ్మదిగా ఆపుకోవాలని నేర్పారు. తెలిసిందనుకున్న ప్రతి పనినీ ఎరిక్ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. చరఖా ముందు కొత్తగా కూర్చున్న పిల్లకు దారం ఎన్నిసార్లు తెగుతుందో పొందూరువాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెగినందుకు ఎవరూ తిట్టరు, అతుక్కుని మళ్ళీ వడకమంటారు. మెక్కెర్చర్ పద్ధతి దాదాపు అదే.

1921 మేలో జరిగిన ఆ పోటీల్లో 100 గజాల పరుగులో ఎరిక్ మొదట వచ్చారు. 220 గజాల్లో వెంట్రుకవాసి తేడాతో రెండో స్థానం. మొహమాటానికి మొదలుపెట్టిన పని అక్కడ నుంచి మొహమాటం కాకుండా పోయింది. అలాగని ఆయన పరుగు చూడముచ్చటగా ఉండేదేమీ కాదు. తల వెనక్కి వాల్చేసి, నోరు తెరిచి, చేతులు గాలిలో ఎటుపడితే అటు విసురుతూ పరుగెత్తేవారు. చూసినవాళ్ళు నవ్వుకునేవారు, పత్రికలవాళ్ళు ఎగతాళి చేసేవారు. కానీ పరుగెడుతున్నంతసేపూ ఆ ముఖంలో ఉన్నది ఆనందమని చూసినవాళ్ళకు తెలిసేది. ఆ ఆనందం గురించి ఆయన చెప్పినట్టుగా ఒక వాక్యం మన ప్రసంగాల్లో తరచు వినబడుతుంది. అది ఆయనది కాదు, 1981లో వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్ సినిమా కోసం రచయిత కాలిన్ వెల్లండ్ రాసినది. చెల్లెలు జెన్నీ ఆయన పరుగుకు అడ్డు చెప్పినట్టు చూపించడం కూడా సినిమావాళ్ళ కల్పనే. వాక్యపీఠం మీద నుంచి మాట్లాడేవాళ్ళు ఇలాంటివి సరిచూసుకోవడం మంచిది.

పందెం మొదలయ్యే ముందు ఎరిక్ పోటీదారులందరితో చేతులు కలిపేవారు. అప్పట్లో ఇప్పటిలా కాలు ఆనించే దిమ్మలు లేవు, ఎవరి గుంట వారు తవ్వుకోవాలి. పనిముట్టు తెచ్చుకోనివారికి తన చిన్న తాపీ ఇచ్చేవారు. రగ్బీలో స్కాట్లాండ్ జట్టుకు కూడా ఆడి, తరువాత పరుగు కోసం దాన్ని వదిలేశారు.

1923 ఏప్రిల్‌లో ఆయన జీవితం ఇంకో మలుపు తిరిగింది. డి.పి. థామ్సన్ అనే యువ సువార్తికుడు, ఆర్మడేల్ అనే గనికార్మికుల ఊళ్ళో మగవాళ్ళు మీటింగులకు రావడం లేదని, పేరున్న ఆటగాడు మాట్లాడితే వస్తారేమోనని ఎరిక్‌ను పిలిచారు. నలుగురిలో నోరు విప్పడమంటే ఎరిక్‌కు భయం. అయినా వెళ్ళారు. ఆయన మాట్లాడింది కొద్దిసేపే, గొప్ప ప్రసంగమూ కాదు, గొంతు పెంచనూ లేదు. తనకు దేవుడు ఏమిటో మెల్లగా చెప్పారు. పౌడర్‌హాల్‌లో గెంతడానికి సిగ్గుపడినవాడే ఇక్కడా, ఆ సిగ్గును రెండోసారి దాటారు. ఆ రోజు నుంచి పరుగూ సాక్ష్యమూ ఆయన జీవితంలో పక్కపక్కనే నడిచాయి.

ఆ వేసవిలో లండన్‌లో 100 గజాలు 9.7 సెకన్లలో పరుగెత్తారు. బ్రిటన్‌లో ఆ రికార్డు చాలా ఏళ్ళు నిలిచింది. అదే జూలైలో స్టోక్ పట్టణంలో 440 గజాల పందెం మొదలవగానే ఎవరో తగిలి ఆయన పడిపోయారు. లేచేసరికి మిగతావాళ్ళు 20 గజాలు ముందున్నారు. తల వెనక్కి వాల్చి, అందరినీ దాటి గెలిచి, గీత దాటాక కుప్పకూలారు.

ఇక పారిస్. 1924 ఒలింపిక్స్‌లో 100 మీటర్లే ఆయన సొంత పందెం, బ్రిటన్ ఆశలన్నీ దాని మీదే. తొలి పరుగులు జూలై 6, ఆదివారం అని కొన్ని నెలల ముందే తెలిసింది. సినిమాలో చూపించినట్టు ఓడ ఎక్కాక కాదు. తను పరుగెత్తనని చెప్పేశారు. రెండు రిలే పందేలు కూడా ఆదివారం పడటంతో వాటినీ వదులుకున్నారు. దేశద్రోహి అన్నంత మాటలు పడ్డారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇష్టం లేని పందెం మానుకోవడంలో త్యాగం ఏముంది? మూడేళ్ళపాటు చెమటోడ్చి నేర్చుకున్నది, ఒళ్ళంతా ఆనందం నింపినది, దానిలోకెల్లా తనకు బాగా వచ్చినది, అది ఆయన ఇచ్చేశారు. పరుగును ప్రేమించని ఎరిక్ లిడ్డెల్ ఆ ఆదివారం వదులుకోవడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు. కాబట్టి పిల్లల ఆటను శరీర సంబంధమని తీసిపారేసి, ఆ మర్నాడే వాళ్ళకు లిడ్డెల్ కథ చెప్పడం కుదిరే పని కాదు.

100 మీటర్లు ఆయన జట్టువాడే హెరాల్డ్ అబ్రహామ్స్ గెలిచారు. ఎరిక్ 200 మీటర్లలో కంచు పతకం తెచ్చుకున్నారు. 400 మీటర్లు ఆయనకు అంతగా అలవాటు లేని దూరం. జూలై 11, శుక్రవారం ఫైనల్. ఆ ఉదయం జట్టుకు మర్దన చేసేవారిలో ఒకరు మడిచిన చీటీ ఒకటి ఆయనకు ఇచ్చారు. 1 సమూయేలు 2:30లో ఉన్న మాటను గుర్తుచేస్తూ రాసినది. ఆయనకు వచ్చింది అన్నిటికంటే బయటి గీత. అక్కడ నుంచి పరుగెడితే వెనకవాళ్ళు ఎంత దగ్గరున్నారో కనబడదు. మొదటి సగం 200 మీటర్ల పందెమే అన్నట్టు పరుగెత్తేశారు. ఇక అలసి ఆగిపోతారని అందరూ అనుకున్న చోట తల వెనక్కి వాల్చారు. 47.6 సెకన్లు, ప్రపంచ రికార్డు. అమెరికా పరుగువీరుడు హొరేషియో ఫిచ్ రెండో స్థానంలో నిలిచారు. వారం తిరగకుండానే ఎడిన్‌బరోలో పట్టా ఇచ్చేటప్పుడు తలకు ఆకుల కిరీటం పెట్టి, విద్యార్థులు భుజాల మీద ఊరేగించారు. ఆయనకు అప్పుడు 22 ఏళ్ళు.

మరుసటి సంవత్సరం, ఇంకెన్నో పందేలు గెలవగల వయసులో, చైనా వెళ్ళిపోయారు. టియాన్‌జిన్‌లోని ఆంగ్లో చైనీస్ కాలేజీలో సైన్సు చెప్పారు, పిల్లలను ఆడించారు, సండేస్కూలు నడిపారు. ఆ పట్టణపు మిన్‌యువాన్ మైదానాన్ని తీర్చిదిద్దడంలో సలహాలిచ్చారు. తీరిక దొరికితే అక్కడ పరుగెత్తేవారు కూడా. మిషనెరీ అయ్యాక పరుగు మానేశారనుకోవద్దు. 1932లో పాదిరిగా అభిషేకం పొందారు. 1934లో కెనడా మిషనెరీల కుమార్తె ఫ్లోరెన్స్ మెకంజీని పెళ్ళాడారు. జపాన్ దండయాత్ర రోజుల్లో సియావోచాంగ్ అనే పల్లె ప్రాంతానికి, డాక్టరైన అన్న రాబ్ పనిచేస్తున్న చోటికి వెళ్ళి, సైకిలు మీద ఊరూరా తిరిగారు. ప్రమాదం పెరగడంతో 1941లో గర్భవతి అయిన భార్యను, ఇద్దరు కూతుళ్ళను కెనడా పంపించారు. మూడో కూతురు మౌరీన్ అక్కడ పుట్టింది. ఆ బిడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు.

1943లో జపానువారు ఆయనను వైషియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. గోడల మధ్య దాదాపు 1500 మంది. వారిలో చీఫూ మిషనెరీ బడి పిల్లలు వందమందికి పైగా, తల్లిదండ్రులకు దూరమై ఉన్నారు. ఆరేళ్ళప్పుడు తల్లి చెయ్యి వదిలిన మనిషికి ఆ పిల్లల కళ్ళలో ఏముందో వేరే చెప్పాలా? వాళ్ళందరికీ ఆయన అంకుల్ ఎరిక్. ప్రయోగశాల లేకుండా రసాయన శాస్త్రం చెప్పారు. ముసలివాళ్ళకు నీళ్ళు మోశారు. పందేలు పెట్టారు. విరిగిన హాకీ కర్రలకు తన దుప్పట్లు చింపి కట్టుకట్టారు. ఆకలితో, ఊసుపోక చెడిపోయే వయసు పిల్లలను ఆట ఒక దారిలో నిలబెడుతుందని ఆయన నమ్మకం.

అక్కడ ఆదివారం ప్రశ్న మళ్ళీ ఎదురైంది. ఆదివారాలు ఆటలు పెట్టడానికి మొదట ఆయన ఒప్పుకోలేదు. పిల్లలు తమంతట తామే హాకీ ఆడుకున్నారు, చూసే పెద్దవాళ్ళు లేక ఆట కొట్లాటగా ముగిసింది. తరువాతి ఆదివారం మైదానంలో రెఫరీగా నిలబడినది ఎరిక్ లిడ్డెల్. ఒలింపిక్ పతకం ఎదురుగా ఉన్నా ఆదివారం పరుగెత్తని మనిషి, కొట్టుకుంటున్న పిల్లల కోసం ఆదివారం మైదానంలోకి దిగారు.

ఈ భాగాన్ని మనం ఎందుకు చెప్పమో నాకు తెలుసు. చెబితే ఆదివారం గురించిన పట్టు సడలిపోతుందని భయం. మన దగ్గర పోటీ పరీక్షలు ఎక్కువగా ఆదివారాలే పెడుతున్నారు. హాల్‌టికెట్ పట్టుకుని పాస్టరుగారి ముందు నిలబడే పిల్లలకు జవాబు చెప్పవలసిన భారం మన మీద ఉంది. పారిస్‌లో సగం కథ తీసుకుని వాళ్ళను కొట్టడం న్యాయం కాదు, వైషియెన్‌లో సగం తీసుకుని ఏం చేసినా పరవాలేదనడమూ న్యాయం కాదు. పారిస్‌లో ఆయన తన లాభాన్ని వదులుకున్నారు. వైషియెన్‌లో ఇతరుల పిల్లల కోసం తన మనసాక్షికి అలవాటైన నెమ్మదిని వదులుకున్నారు. రెండుసార్లూ ఖర్చయినది ఆయన సొంతమే. ఆదివారం పరుగెత్తిన తన జట్టువాళ్ళను ఆయన వేలెత్తి చూపలేదు.

శిబిరంలోని కుర్రవాళ్ళలో స్టీఫెన్ మెట్‌కాఫ్ ఒకరు, వయసు 17. కొండమీది ప్రసంగంలో శత్రువుల కోసం ప్రార్థించమన్న మాట దగ్గర పిల్లలంతా ఆగిపోయారు. కాపలా కాసే జపాను సైనికులను ప్రేమించడం ఎవరివల్ల అవుతుంది? ప్రేమించలేకపోతే ముందు ప్రార్థన మొదలుపెట్టమని ఎరిక్ నేర్పారు. స్టీఫెన్ మొదలుపెట్టారు.

1944 చివరికి ఎరిక్‌కు తలనొప్పులు ఎక్కువయ్యాయి. నడక మందగించింది. శ్రమ ఎక్కువై అలసిపోయారని అనుకున్నారు గాని, మెదడులో గడ్డ ఉందని ఎవరికీ తెలియదు. ఆ చలికాలంలో స్టీఫెన్ బూట్లు అరిగిపోయి పనికిరాకుండా పోయాయి. ఒకరోజు ఎరిక్ ఆయన దగ్గరకు వచ్చి, దారాలతో కుట్టి అతుకులు వేసిన తన పాత పరుగు బూట్లు చేతిలో పెట్టారు. మూడు వారాల తరువాత, 1945 ఫిబ్రవరి 21న, ఎరిక్ లిడ్డెల్ శిబిరం ఆసుపత్రిలో కన్నుమూశారు. 43 ఏళ్ళు. ఆ రోజే భార్యకు ఉత్తరం రాయించారు. ఆయన మరణవార్త కెనడాలో ఫ్లోరెన్స్‌కు అందేసరికి మే నెల వచ్చింది. శిబిరానికి విడుదల ఆగస్టులో.

1991లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం స్కాట్లాండ్ నుంచి ఒక రాతిపలకను తెప్పించి ఆ స్థలంలో నిలబెట్టింది. దాని మీద చెక్కినది యెషయా 40:31 నుంచి.

ఆ అతుకుల బూట్లు వేసుకున్న కుర్రవాడు శిబిరంలో ఉండగానే, ప్రాణాలతో బయటపడితే శత్రువుల దేశానికే సువార్త మోసుకుపోతానని దేవునికి మాట ఇచ్చుకున్నారు. 1952లో ఆయన మిషనెరీగా జపాన్ బయలుదేరారు.